సైరన్ లేని కొలువు

నిజామాబాద్,
3 జూన్ 2006

మహారాజశ్రీ పెద్దబాపు గారి సముఖానికి,

మీ తమ్ముని కొడుకు రాజేశ్వర్ చేతులు కట్టుకొని రాస్తున్న విన్నపం. చేతులు కట్టుకొని ఎట్ల రాస్తవురా అని అడగకు. పెన్ను ఉన్న చెయ్యి విడిచిపెట్టిన.

ఇక్కడ నీ ఇంట్లో నేను, సుమిత్రక్క, అక్క బిడ్డ అఖిల క్షేమం. బావ భివండిలో పవర్‌లూమ్‌ల కాడ క్షేమమని ఫోన్ చేసిండు. నేను బీకాం పాసై ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న. ఉద్యోగమే నా ప్రయత్నంలో లేదు.

అసలు సంగతి, అక్కకు కొలువు దొరికింది. ఇంట్లోనే. డాక్టర్లు రోగి సంగతులు నోటితో చెప్పి రికార్డు చేస్తరు. హైదరాబాద్ కంపెనీ ఆ మాటలను ఇంటర్నెట్‌లో మన కంప్యూటర్‌కు పంపుతది. అక్క విని, టైపు చేసి, తిప్పి పంపుతది. దీనికోసం నేర్చుకొని పరీక్ష కూడా పాసయింది. పొద్దున చేసినా, పొద్దుగూకినంక చేసినా ఎవ్వరూ అడగరు, గడువులోపల అందితే చాలు. అఖిలకు ఆటిజం అని డాక్టర్ చెప్పిన తర్వాత అక్క బడిలో టీచర్‌గా చేరింది, యాదికుందా? వారం కూడా నిలవలేదు. పిల్లకు ఎప్పుడు కలత వస్తదో ముందే చెప్పలేం. హెడ్మాస్టర్‌కేమో సెలవు చిట్టీ ముందే కావాలె.

అయితే నెట్ తీగ ఇప్పుడు పక్కింటి మార్కండేయ కిటికీలోంచి వస్తున్నది. వాళ్లకు దోమలు కుట్టి కిటికీ మూసినప్పుడల్లా అక్క కొలువు పోతున్నది. మనకు సొంత తీగ కావాలె. దానికోసం నీ ముందరి గోడకు శనగ గింజంత రంధ్రం పొడవాలె. ఇల్లు నీది. నువ్వు ఊ అననిది గోడ జోలికి పోము.

ఇట్లు,
గోడ పక్కన నిలబడి ఎదురుచూసే
రాజేశ్వర్

తాజాకలం: శనగ గింజకన్నా కొంచెం పెద్దదైనా ఫర్వాలేదంటే అదీ రాయి. ఈ ఇంటి బల్లులు ఎప్పటినుంచో దారి అడుగుతున్నయి.

•

బోధన్,
8 జూన్ 2006

చిరంజీవి రాజేశాన్ని పెద్దబాపు ఆత్మారాం దీవించి రాయునది.

నీ ఉత్తరం సదివిన. మల్ల సదివిన. సైరన్ యాడ ఉన్నదో కనవడలే. నేను షుగర్ ఫ్యాక్టరీల టైంకీపర్‌గ రిటైరైన మనిషిని. సైరన్ మోగితే లోపటికి వోవుడు, మల్ల మోగితే బయటికి వచ్చుడు, దాన్ని కొలువంటరు. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు కూసునేదాన్ని పేకాట అంటరు.

ఇంట్ల చేసే పని నాకెరుక లేదనుకోకు. మీ నాయినమ్మ బీడీలు చుట్టే మమ్ముల సాదింది. గని దానికి ఆకు ఇచ్చేటోడు ఉండె, తంబాకు తూసేటోడు ఉండె, కట్ట ఇప్పి మంచిగ లేని బీడీలు ఇరిచి పారేసేటోడు ఉండె. తిట్టేటోడు లేని కొలువు నేను ఇనలే. సుమిత్రను తిట్టేటోడు ఎవ్వడు?

హోటల్ లింబయ్య అంటుండు, గీ కంప్యూటర్ కంపెనీలు పొద్దున బోర్డు పెట్టి మాపటికి పీక్కపోతయట. అందుకే నేనొక ఇంతజాం చేసిన. బాపురావు సేట్ రైస్ మిల్లుల గుమాస్తా జాగ ఖాళీ ఉన్నది. డిగ్రీ సదివినోళ్లు కావాలె. తొమ్మిదింటికి వోవాలె, ఆరింటికి రావాలె, సైరన్ ఉన్నది. సుమిత్రకు అడిగి పెట్టిన. నెలాఖరు లోపట జవాబు చెప్పాలె. ఆ ఇల్లు కిరాయికిచ్చి అందరు బోధన్ రాండ్రి. పిల్లను ఎవరన్న సూస్తరు, వాడకట్టు నిండ మనోళ్లే. గోడ సంగతి బంద్.

అయినా సూడకుంట తీర్పు చెప్పేటోన్ని కాదు. మా గేటు వాచ్‌మన్ సాయన్నను తనిఖీకి పంపుతున్న. చెప్పి రాడు.

నీ మేలు కోరే
ఆత్మారాం

మరిచిన: సాయన్న వస్తడని నీకు చెప్పొద్దని సాయన్నకు గట్టిగ చెప్పిన. నువ్వు గూడ ఎవ్వరికి చెప్పకు.

•

నిజామాబాద్,
14 జూన్ 2006

న్యాయమూర్తులు పెద్దబాపు గారికి,

ముద్దాయి రాజేశ్వర్, పొట్ట అడ్డం రానంత మేర సాష్టాంగపడి ఇస్తున్న వాంగ్మూలం.

సాయన్న చెప్పకుండనే వచ్చిండు. నేను చాయ్ పెట్టించి ఎదురుచూస్తున్న. ఆయన నీకు చేసిన ఫిర్యాదులు మూడూ నాకు తెలుసు. పోయేటప్పుడు నాకే వినిపించి పోయిండు.

కొలువు వేళ అక్క పిల్లను ఊయల ఊపుతున్నదట. నిజం. చెవులకు ఏందో పెట్టుకొని, బల్ల కింద కాలితో కుట్టుమిషన్ తొక్కుతున్నదట, చూస్తే బట్ట లేదు, మిషన్ లేదు. అదీ నిజం. డాక్టర్లు రైలు తప్పిపోయేటట్టు మాట్లాడుతరు. కాలితో తొక్కితే మాట ఆగుతది, మల్ల తొక్కితే వెనక్కి వస్తది. ఆ ఇనుప ముక్కను కంపెనీ పంపింది. సాయన్న దాన్ని వంగి చూసి, దారం యాడ ఎక్కిస్తరని అడిగిండు.

తనను ఇంట్లకెల్లి వెళ్లగొట్టినమని మూడో ఫిర్యాదు. అఖిల అరుగు మీద స్టీలు గ్లాసులు వరుసగా పెట్టుకుంటది. ఆయన అందులోంచి ఒకటి తీసి నీళ్లు తాగిండు. పైగా పిల్ల చెంప గిల్లి, వాడకట్టంతా వినేటట్టు "నీ పేరేంది బిడ్డా" అన్నడు. అఖిల రెండు చెవులు మూసుకొని ఏడుపందుకుంది. సాయన్నను నేను వాకిలి బయటికి పంపిన. అక్క పని ఆపి, పిల్లను ఒడిలో గట్టిగా అదుముకొని, అది కుదుటపడేదాకా కదలలే. ఆ తర్వాత కూర్చొని మిగిలిన పని గడువులోపలే పంపింది. ఇదే బాపురావు సేట్ మిల్లులో అయితే ఏమయ్యేదో నువ్వే చెప్పు.

ఈ ఒక్కమాట ఎగతాళి లేకుండా రాస్తున్న. ఈ ఇంటికి అలవాటు పడడానికి అఖిలకు ఏడాది పట్టింది. బొమ్మల చీటీలతో మాట్లాడుడు నేర్పే టీచరమ్మ ఇక్కడుంది. ఊయల కావాలంటే ఊయల బొమ్మ చీటీ తెచ్చి అక్క చేతిలో పెడుతున్నది ఇప్పుడు. బోధన్ వస్తే మల్ల మొదటికి పోతం.

ఇట్లు,
సాక్షి లేని ముద్దాయి

తాజాకలం: తిట్టేటోడు లేడని బెంగపడకు. ఇంట్లోనే ఒక ఇంచార్జి మేడం ఉంది. షిఫ్టు ఎప్పుడు మొదలో, ఎప్పుడు బందో ఆమె ఆర్డరే. ఎవ్వరితో మాట్లాడదు. పొగిడితే పొంగదు. గుండ్రటి బిస్కెట్ తప్ప లంచం ముట్టదు, అదీ విరిగింది కాకూడదు. ఒక్క గ్లాసు జరిగినా పని బంద్ పెడుతది.

•

బోధన్,
19 జూన్ 2006

ఒరే రాజేశం,

నువ్వు మనిషివేనా? ఇంట్ల అంత పెద్ద ఆఫీసర్‌ను పెట్టుకొని, ఉత్తరం అడుగున, మరిచిపోయిన మాట లెక్క రాస్తవా? ముందుగాల్నే చెప్తే నేను సాయన్నను పంపుదునా? పిల్ల పేర్చేటియి ఆమె గ్లాసులేనా, అండ్ల సాయన్న నీళ్లు తాగిండని ఇన్నంక నాకు తలకాయ ఎత్తబుద్ధి అయితలేదు.

నా సర్వీసుల మాట్లాడని ఆఫీసర్‌ను సూడలే. పొగడ్తకు పొంగనోళ్లను అంతకన్న సూడలే. ఒక్క గ్లాసు జరిగితే పని బంద్ అంటే, గదీ క్రమశిక్షణ. గుండ్రటి బిస్కెట్ సంగతికి నేనేం అనుకోను. మా పాత జీఎం సాబ్ గూడ గట్లనే, సదురం మైసూర్‌పాకే తింటుండె, ముక్క వోతే ముట్టకపోతుండె. నీ ఉత్తరం హోటల్ల సదివి ఇనిపిస్తే లింబయ్య చాయ్ వడవోసుడు ఆపిండు.

ఇగ నా ఫైసలా ఇను. వచ్చే సోమవారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. సుమిత్ర కొలువు పర్మనెంటా కాదా మేడంనే అడుగుత. ఆమెను సూసినంకనే మిల్లు సంగతి, గోడ సంగతి తేలుస్త. బాపురావు సేట్‌కు మంగళారం దాంక ఆగమని చెప్పిన. మేడం ముంగట ఎట్ల మెసులుకోవాలెనో వెంటనే రాయి. నీ పరాచికాలు కలపకు.

ఆత్మారాం,
టైంకీపర్ (రిటైర్డ్)

మరిచిన: మేడంకు బోధన్ చక్కెర తెద్దామనుకున్న. గుండ్రంగ లేదని ఆగిన.

•

నిజామాబాద్,
22 జూన్ 2006

టైంకీపర్ గారికి,

అర్జంటు. నేను ఈ రాత్రి రైలుకు బ్యాంకు పరీక్షకని హైదరాబాద్ పోతున్న, నా దోస్తు చిన్నయ్య రూములో దిగుత. నీ రాకకూ నా పోకకూ సంబంధం లేదని ఒట్టు. అక్కకు నీ రాక గురించి చెప్పిన. ఎందుకో మాత్రం చెప్పలే.

మేడం ముందు మెసులుకునే పద్ధతి అడిగినవ్. ఇందులో పరాచికం ఒక్క చుక్క లేదు. చెప్పులు గుమ్మం బయటనే విడువు. గట్టిగా మాట్లాడకు, అసలు మాట్లాడకుంటే ఇంకా మంచిది. పేరు అడగకు. చెంప ముట్టకు. కండ్లలోకి సూటిగా చూడకు. గ్లాసుల వరుస ఉంటే దూరంగా తిరిగిపో. కొంచెం ఎడంగా, పక్కకు కూర్చో. కూర్చొనే ఉండు. ఆమె నిన్ను చూడనట్టే ఉంటది, నమ్మకు, చూస్తనే ఉంటది. నీ వస్తువు ఏదన్న తీసుకుంటే మారుమాటాడకు, అది శుభం. ఇంటికొచ్చిన చుట్టాలందరూ ఈ పరీక్షలో మొదటి నిమిషంలోనే ఫెయిలయిండ్రు. నేను ఈ ఇంట్లోనే ఉండి ఫెయిలయిన.

ఇట్లు,
పరీక్షలు అచ్చిరాని
రాజేశ్వర్

తాజాకలం: మేడంను గుర్తుపట్టుడెట్ల అనుకుంటున్నవేమో. ఇంట్లో ఎవరు లేస్తే అందరూ లేస్తరో, ఆమెనే.

•

నిజామాబాద్, నా ఇల్లు,
27 జూన్ 2006

హైదరాబాద్‌ల దాక్కున్న రాజేశానికి,

నిన్న పొద్దుగాల ఇస్త్రీ బట్టలు తొడుక్కొని, గుండ్రటి బిస్కెట్లు పట్టుకొని దిగిన. చెప్పులు బయటనే ఇడిచిన. సుమిత్రను దగ్గరికి పిలిచి, చిన్నగ, మేడం గారు ఏ రూంల ఉన్నరని అడిగిన. నీ ఉత్తరం చేతికిచ్చిన. అది సదువుకుంట కొంగు నోట్ల కుక్కుకున్నది. నవ్వు ఆగినంక ఊయల దిక్కు సూపెట్టింది.

ఊయల్ల ఎవరున్నరో నీకెరుకే.

నాకు ఎట్లున్నదో రాయ. వాపస్ వోదామంటే బస్సు మాపటికి గని లేదు. నువ్వు రాసిన కాయిదా గుర్తుకొచ్చి పక్కకు, ఎడంగ కూసున్న. మాట్లాడలే. కండ్లల్లకు సూడలే. కూసొనే ఉన్న. చెయ్యనీకి వేరే పని లేదు, కండ్లు సుమిత్ర మీద వడ్డయి. పిల్ల ఊగుతుంటె ఉరికి పనిల కూసుంటది. పిల్ల చెయ్యి గుంజితె లేస్తది. వండుతది, మల్ల కూసుంటది. గోడకు గడియారం గూడ లేదు. మాపటికి పని అంతా గడువు లోపట్నే కంపెనీకి పోయింది. నేను ముప్పై ఏండ్లు గేటు కాడ కూసొని ఎవరెప్పుడు వచ్చిండ్రో, ఎవరెప్పుడు వోయిండ్రో రాసిన. ఎవరు ఎంత చేసిండ్రో ఒక్కనాడు రాయలే.

పగటీలి, అన్నం యాళ్లకు, అఖిల నా దగ్గరికొచ్చింది. నా మొకం దిక్కు సూడలే. చేతికున్న గడియారం, రిటైరైననాడు ఫ్యాక్టరోళ్లు ఇచ్చిందే, ఇప్పుకొని పోయి ఆఖరు గ్లాసు పక్కన పెట్టింది. శుభమన్నవు గదా, మారుమాటాడలే. మల్ల పొద్దు వాలుతుంటె వచ్చింది. ఊయల బొమ్మ చీటీ నా ఒళ్లె పెట్టింది.

సుమిత్ర చెవులకెల్లి అవి తీసేసి సూసుకుంట నిలవడ్డది. "పెద్దబాపూ, లే, నిన్ను డ్యూటీకి పిలుస్తుంది" అన్నది. నీకైతె ఆ చీటీ ఇప్పటి దాంక రాలేదట.

నన్ను పిచ్చోన్ని చేద్దామని నిజం రాసినవు రాజేశం. నీకు గది అలవాటు లేదు గద, అందుకే దొరికిపోయినవు.

ఇగ ఆర్డర్లు. ఇయ్యాల పొద్దుగాల మార్కండేయతోని మేస్త్రీని పిలిపిచ్చి గోడకు రంధ్రం పొడిపిచ్చిన. శనగ గింజంత అన్నవు, వాడు గుమ్మడికాయంత చేసిండు. అయినా సరే, బల్లుల కోసం ముందే దరఖాస్తు పెట్టినవు గద. నేను గీన్నే, మీదున్న రూంల ఉంట. మేడం కింద ఊయల డ్యూటీ నాది, సుమిత్ర కొలువుకు ఇగ కిటికీల భయం లేదు.

ఒక్కటే మిగిలింది. బాపురావు సేట్‌కు మాటిచ్చిన. డిగ్రీ సదివినోళ్లు కావాలె అన్నడు గద. ఇయ్యాల ఫోన్ చేసి నీ పేరు చెప్పిన. బీకాం అంటె ఖుషీ అయిండు. వచ్చే సోమవారం తొమ్మిదింటికి జాయిను కావాలె. ఉండనీకి బోధన్‌ల నా ఇల్లు ఉన్నది, తాళంచెవి వచ్చేటప్పుడే లింబయ్య హోటల్ల ఇచ్చి వచ్చిన. తిట్టేటోడు ఉన్నడు, సుమిత్రకు అడిగిననాడే నేను పోయి అరుసుకున్న.

డ్యూటీ మీద ఉన్న
ఆత్మారాం

మరిచిన: మిల్లు సైరన్ బగ్గ గట్టిగ మోగుతది, నీకు మంచిగ మెలకువ వస్తది. ఈడ మాత్రం సైరన్ లేదు. మేడంకు సప్పుడు వడదు.