ఆగని గీత

తల్లిలాంటి వదినకు,

అన్నయ్య నీకు అక్షరాలు నేర్పాడు కాబట్టే ఈ చెక్క మీద దాపరికం లేకుండా రాస్తున్నాను. చదవగానే పొయ్యిలో పెట్టు.

అన్నయ్య కచేరీలో కొలతలు రాయడంలో తప్పు చేశాడని జైల్లో పెట్టారని నీకు కబురంపాను. అబద్ధం. మా గురువుల గ్రంథాన్ని ఇళ్లలో ఉంచుకోకూడదని రాజాజ్ఞ వచ్చినప్పుడు, నా పోరు పడలేక అన్నయ్యే దాన్ని వెదురు బద్దల మీద రాసిపెట్టాడు. సోదాలు మొదలవగానే ఆయన గదిలో కూర్చుని బద్దలన్నీ కత్తితో గీకేశాను. గీకిన పొరల్ని మాత్రం అందరిలాగే పొయ్యి రాజేయడానికి బుట్టలో వేశాను, వదినా. సోదా అధికారి బుట్టలోంచి గుప్పెడు తీశాడు. చుట్టుకుపోయిన ప్రతి పొర మీదా చివరి గీత తెడ్డులా బలిసి, రెండక్షరాల పొడవున కిందికి జారుతోంది. ఈ జిల్లాలో అలా లాగేది అన్నయ్య ఒక్కడే. "ఎవరివివి?" అన్నాడు అధికారి. అన్నయ్య "నావే" అన్నాడు. అయిదు సంతల్లో గ్రంథం చెబుతూ గర్జించే నేను గుమ్మంలో నోరు మూసుకుని నిలబడ్డాను.

"భయం ఇంటికి తాళం వేస్తే ఆకాశం కప్పు మీంచి చూస్తుంది" అంటుంది మా గ్రంథం. రేపు చేతిరాతలు పోల్చి చూస్తారు. ఆయన వెనక నిలబడి నేర్చుకున్న రాతే నాది. ఆ తోక నేనూ లాగగలను. రాసింది నేనేనని చెబుతాను. నీ మనిషిని నీకు పంపిస్తాను.

నీ మరిది
పేయ్

*

వదినా,

ఎలా చెప్పను? సభలో నేనే రాశానని అరిచాను. "ప్రసంగం ఆపి రాయి" అన్నాడు న్యాయాధికారి. రాశాను. పక్కన పొర పెట్టి చూసి తలూపాడు. నా గుండె తేలికపడింది. తరవాత అన్నయ్యను రాయమన్నాడు. కచేరీ వాళ్ల బిగుసుకున్న రాత రాసి ఉంటే ఈపాటికి నీ ముందు కూర్చుని గంజి తాగుతుండేవాడు. కళ్లతోనే బతిమాలాను. ఆయన కుంచె అందుకుని ఒక్క ఊపిరిలో ఆ గీత జార్చాడు.

"అయ్యా, వీడు తోక లాగేముందు ఆగాడు, అక్కడ సిరా ముద్దయింది చూడండి. ఒకరిని చూసి నేర్చినవాడు అక్కడే ఆగుతాడు. మీ పొరల్లో ముద్ద లేదు" అన్నాడు అన్నయ్య.

"నీకు నోరే పెద్దది, చేయి కాదు" అంటూ, అన్న కోసం అబద్ధమాడానని న్యాయాధికారి నన్ను గెంటించాడు. అన్నయ్యకు నాలుగేళ్లు ఉత్తరాన సరిహద్దు గోడ కట్టే శిక్ష.

వాకిలి దగ్గర అన్నయ్య కాళ్లు పట్టుకున్నాను. "లేరా. గ్రంథమంతా ఉన్నది నీ నోట్లోనే. నేను పోతే రాత ఒక్కటే ఆగుతుంది" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "అయినా ఆ వంకర తోక నాదంటే ఎలా ఊరుకుంటాను?" నవ్వాడు, వదినా. భటుడూ నవ్వాడు.

భయపడి దాక్కోవద్దని ఇరవయ్యేళ్లుగా నేను బోధించినదాన్ని ఆయన చేసి చూపించి వెళ్లాడు. మీ జొన్నచేను దున్నడానికి ఎల్లుండి బయల్దేరుతున్నాను. నా మొహం చూడాలనిపించకపోతే తలుపు తీయకు. నాగలి మాత్రం బయట పెట్టు.

పేయ్