యోగేందర్ తిప్పిపెట్టిన నాబ్

దిల్‌సుఖ్‌నగర్,
బుధవారం

బిడ్డా భానుప్రియా,

చంపాపేట నుంచి ఎండలో వచ్చిన పిల్లను చాయ్ కూడా ఇయ్యకుండా పంపాను. మా యోగేందర్ చేసిన డబ్బా మీద నువ్వు చెయ్యి పెట్టగానే "ముట్టకు" అని కసిరాను. ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకొని మళ్ళీ పెట్టేశాను. నా ఐదో తరగతి చదువుతో వచ్చినట్టు రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

నువ్వన్నది నిజమే, అది గోల ఆపడానికి చేసిన డబ్బానే. పక్క బిల్డింగు మీద వైర్‌లెస్ టవరు పెట్టినప్పుడు వాడి రేడియోలో ఒకటే గోల. ఆదివారం పొద్దున మీ హ్యామ్ రేడియో దోస్తులంతా ఎవరింటి నుంచి వాళ్ళు మాట్లాడుకునే మాటలు ఒక్కటీ వినబడేవి కావు. వాడు ఎల్‌బీ నగర్‌లో పనిచేసే రిపేర్ షాపు నుంచి ముక్కలు తెచ్చి ఈ డబ్బా చేశాడు. మేడ మీది తీగకూ రేడియోకూ మధ్య పెట్టాడు.

"బియ్యంల రాయి ఏరినట్టు గా ఒక్క గోలనే ఏరేస్తదమ్మా. మా మాటలన్నీ ఉంటయి" అన్నాడు.

"నా గోల గూడ ఏరేస్తదారా?"

"నీ గోలకు ఇంకా డబ్బా పుట్టలే" అని నవ్వాడు. డబ్బా మీది నాబ్ నాతోనే తిప్పించబోయాడు. "ఉప్పేసినట్టు జరంత జరంత తిప్పాలె" అన్నాడు. నాకు భయమేసింది. చివరికి వాడే తిప్పిపెట్టాడు.

నెల తిరగకుండానే జ్వరమని దవాఖానకు పోయినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు టవరు వాళ్ళు ఛానెల్ మార్చారు, గోల వేరే చోటికి జరిగింది, నాబ్ కొంచెం తిప్పితే పోతుందన్నావు. పోతుంది బిడ్డా. కాని వాడి చొక్కాలు ఉతికేశాను, దుప్పటి ఉతికేశాను, అప్పుడు తెలియక. వాడి వేళ్ళు ఆగిన చోటు ఇదొక్కటే మిగిలింది. కదలకుండా దాని మీద ప్లాస్టర్ అంటించాను.

ఈ ఆదివారానికి ఏడాది. రేడియోలో వాడి పేరు పిలుస్తామన్నావు. నాకు వినబడకపోయినా సరే. దాన్ని మాత్రం ముట్టొద్దు.

యోగేందర్ అమ్మ,
అండాలమ్మ


దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం మధ్యాహ్నం

నా తల్లీ భానుప్రియా,

పొద్దున ఏడింటికే రేడియో పెట్టుకొని కూర్చున్నాను. గోలలో మీ గొంతులు తునకలు తునకలుగా వచ్చాయి. నువ్వు వరసగా పేర్లు పిలుస్తున్నావు, ఒక్కొక్కరే పలుకుతున్నారు. వాడి పేరు శేఖర్ తర్వాతే వస్తుంది. ఎన్ని ఆదివారాలు విన్నాను.

శేఖర్ పలికాడు. నేను ప్లాస్టర్ పీకేశాను.

అటు తిప్పితే గోల తగ్గలేదు. ఉప్పేసినట్టు జరంత జరంత ఇటు తిప్పాను. గోల ఒక్కసారిగా తెగిపోయింది.

"యోగేందర్" అన్నావు.

ఎవరూ పలకలేదు. మీరంతా నిమిషం సేపు అట్లాగే ఊరుకున్నారు. ఆ నిమిషం మొత్తం విన్నాను బిడ్డా. గరగర లేదు, బరబర లేదు. వాడి డబ్బా మంచిగా పనిచేస్తోంది.

వాడు పెట్టిన చోటు పోయింది. వెతికినా ఇక దొరకదు. ఒక ఏడుపు ఏడ్చి ముఖం కడుక్కున్నాను. ప్లాస్టర్ మళ్ళీ అంటించలేదు. గోల మళ్ళీ జరిగితే మళ్ళీ తిప్పాలి కదా.

వచ్చే ఆదివారం నువ్వు ఇక్కడికే వచ్చి వాడి రేడియోలో మాట్లాడు. చాయ్ పెడతాను. నాబ్ దగ్గర మాత్రం నేనే కూర్చుంటాను.

మీ అందరి అమ్మ,
అండాలమ్మ