ఈసారి తలుపు తియ్యి

అన్నయ్యా,

లేవగానే ఆ చిరుగుల బనీను విప్పి చొక్కా వేసుకో. మా కొత్త కంపెనీ తరఫున అడ్రసు వెరిఫికేషన్ చేసే ఆయన ఇవాళ మళ్లీ వస్తాడు. బెల్లు కొడితే తలుపు తియ్యి. మొన్న ఆయన్ని క్రెడిట్ కార్డు బాకీ వసూలుకొచ్చినవాడనుకుని "ఆ పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరు" అని పంపించేశావు. నన్ను కాపాడాననుకున్నావు గానీ, నేను తప్పుడు అడ్రసు ఇచ్చానని వాళ్లు రాసుకున్నారు. ఇవాళ కూడా తేలకపోతే చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోతుంది.

కరెంటు బిల్లు, నా డిగ్రీ పట్టా బల్ల మీద ఉన్నాయి. వాటి మీద టీ గ్లాసు పెట్టకు. మన ఇంటిపేర్లు వేరువేరుగా ఉన్నాయేంటని తప్పకుండా అడుగుతాడు. నువ్వు తడబడితే అనుమానపడతాడు. మీ నాన్న, మా అమ్మ పెళ్లి చేసుకున్నారని ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. అందులో దాచాల్సిందేముంది?

నేను ల్యాబ్‌కి వెళ్తున్నాను. ఈ ఉద్యోగానికే మత్తుమందుల పరీక్షట, మూత్రం ఇవ్వాలి. రాత్రి నువ్వు పోసిన దగ్గుమందులో ఏముందోనని పొద్దున్నించీ సీసా మీది అక్షరాలే చదువుతున్నాను. సీసా పట్టుకెళ్లి వాళ్లకి ముందే చూపించేస్తాను. నీ మీద కోపం లేదులే. నేను దగ్గుతుంటే నిద్ర పాడుచేసుకుని మరీ లేచొచ్చావు.

ఇంకో మాట. నేను నీకేమవుతానని అడిగితే, పక్కింటావిడతో అన్నట్టు "మా ఇంట్లో ఉండే అమ్మాయి" అనకు. ఆ రోజు అది విన్నాక అన్నం సయించలేదు. "మా చెల్లి" అను. ఆయన రాసుకోకపోయినా పర్లేదు.