నాలుగో దెబ్బ

అరవై మూడేళ్ల దానిని, వృత్తి రాక్ పాటలు, చేతిలో గిటారు, అభిమానుల దగ్గర్నుంచి కరెంటు మనిషి దాకా అందరి నోటా "అక్క"ను అయిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్నాను. నా బుర్ర సరిగ్గా పనిచేస్తోందని చెవుల డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. చెవుల డాక్టరుకు బుర్ర సంగతి ఏం తెలుసని వకీలు గారు అడిగారు. నా చెవిలోకి లైటు వేసి చూసిన మనిషి ఆయనొక్కడే, లోపల ఖాళీ ఉంటే ముందు ఆయనకే కనిపించేది అన్నాను. వకీలు గారు నవ్వలేదు.

ఎడమ చెవి వినపడదు. కుడిది సగం వినపడుతుంది. చేతులు వణకవు. ఊపిరి సంగతి వేరే, వచ్చే ఏడాదికి క్యాలెండరు కొనే పని నాకు ఉండకపోవచ్చని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఇంతకు ముందు రాసిన వీలునామాలు లేవు. కోపంలో నోటితో చెప్పినవి బోలెడున్నాయి. అవన్నీ రద్దు.

ఆస్తి పంచడం ఇందులో చిన్న పని. నా తమ్ముడి మీద నేనాడిన ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి, అది వాడి చేత చదివించడానికి ఈ కాగితం రాస్తున్నాను. మేమిద్దరం మాట్లాడుకుని పంతొమ్మిదేళ్లయింది.

1. నా తమ్ముడికి ఏమీ ఇవ్వడం లేదు. వకీలు గారు ఈ వాక్యాన్ని నా చేత రెండుసార్లు చదివించారు. రెండుసార్లూ అదే చదివాను. కారణం చివర్లో ఉంది. కోపం మాత్రం కాదు.

2. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత మా బ్యాండులో బేస్ గిటారు వాయించిన నిచ్చెనది. మనిషి పొడుగు కాబట్టి ఆ పేరు. మా బ్యాండు పేరు "పాత ఇనుము", ఉన్నది ముగ్గురం: నేను, నిచ్చెన, డ్రమ్ముల మీద తమ్ముడు. నా నల్ల గిటారు నిచ్చెనకే ఇస్తున్నాను. దాని మెడ ఒకసారి విరిగితే వడ్రంగి జిగురు పెట్టి అతికించాం, ఎండాకాలం కాస్త వంగుతుంది, తిట్టకుండా సరిచేసుకోవాలి. ముప్పై ఏళ్లలో నిచ్చెన నాతో వాదించింది రెండుసార్లు. రెండుసార్లూ వాడిదే రైటు. ఆ మాట బతికుండగా చెప్పడానికి నాకు నోరు రాలేదు.

3. మాకు షెడ్డు ఇచ్చిన పాత సామాన్ల షావుకారుకు, ఆయన దగ్గర అడక్కుండా తెచ్చుకున్న ఇనప పలకలు మూడు, తూకం రాళ్లు రెండు, ఒక తలుపు గొళ్లెం తిరిగి ఇవ్వాలి. బ్యాండు పేరు కూడా ఆయన బోర్డు మీద నుంచి తీసుకున్నదే. దాన్ని తిరిగి ఇవ్వలేను, జనం ఊరుకోరు. మొదటిసారి మా పాట విని ఆయన, "తల్లీ, ఇది అయిపోయిందా, ఇంకా బిగిస్తున్నారా?" అని అడిగారు. నా గురించి పేపర్లలో ఎవరెవరో ఏమేమో రాశారుగానీ ఇంత నిజాయితీగా ఎవరూ అనలేదు.

4. నా మాజీ భర్తకు, అంటే మా వ్యాను నడిపిన మనిషికి, బరువులు మోసే నాలుగు చక్రాల ట్రాలీ. వెళ్లిపోతూ ఆయన అన్న మాట: "నీకు కావాల్సింది మొగుడు కాదు, డబ్బాలు మోసేవాడు." అన్యాయంగా అన్నాడని పదేళ్లు తిట్టుకున్నాను. తర్వాత ట్రాలీ కొన్నాను, ఆయన లేని లోటు చాలావరకు తీరింది. కనక ఆయన మాటే నెగ్గిందని ఒప్పుకుంటున్నాను. చక్రాలకు నూనె పెట్టే ఇస్తున్నాను.

5. ఇప్పుడు అసలు సంగతి. దీన్ని వకీలు గారు చట్టం భాషలోకి మార్చబోతే వద్దన్నాను.

మా షెడ్డుకు ఆనుకుని వెల్డింగు షాపు ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గోడ అవతల ఒకటే చప్పుడు. వాళ్లు భోజనానికి లేచే ఒంటిగంట నుంచి రెండింటి దాకా మాత్రమే మాకు రికార్డింగు సాగేది. మా మొదటి రికార్డులో ఎనిమిది పాటలూ వాళ్ల భోజనాల వేళే పుట్టాయి. ఆ అలవాటు పోక, నాకు ఇప్పటికీ రెండు దాటితేగాని ఆకలి వేయదు.

పాట ఎత్తుకునే ముందు డ్రమ్మరు పుల్ల మీద పుల్ల నాలుగుసార్లు కొడతాడు. ఎంత వేగంలో వెళ్లాలో ఆ దెబ్బల్లోనే తెలుస్తుంది. నాలుగోది పడ్డాక అందరం కలిసి అందుకోవాలి. "గోడకవతల" పాట రికార్డు చేసిన రోజు ఆ గంటంతా ఏదో ఒకటి చెడుతూనే ఉంది. చివరి ప్రయత్నం మొదలుపెట్టేసరికి గోడ గడియారంలో రెండింటికి నాలుగు నిమిషాలు తక్కువ. పాట మూడున్నర నిమిషాలు. నేను తమ్ముడి చేతులకేసి చూడాల్సింది పోయి గడియారంకేసి చూస్తూ మూడో దెబ్బకే తీగ మీద చెయ్యి వేశాను. నాలుగో దెబ్బ నా గిటారు చప్పుడు కింద పడింది.

తమ్ముడు ఆపలేదు. ఆపి ఉంటే ఆ రోజుకి పాట పోయేది. వాడు కన్ను మూసి తెరిచేలోపు తన తాళాన్ని ఒక దెబ్బ పక్కకు జరిపి నా దారికి వచ్చేశాడు. నిచ్చెన వాడి వెనకే వచ్చాడు. చివరి తీగ ఆగుతుండగా గోడ అవతల మిషను మొదలైంది. ఆ చప్పుడు కూడా రికార్డులో ఉంది, కావాలని పెట్టామని అనుకున్నారు.

తర్వాత వినిపించుకుంటే గిటారు కింద ఆ నాలుగో దెబ్బ సన్నగా వినపడుతోంది. అది ఉన్నంతవరకు తప్పు నాదని తెలిసిపోతుంది. సౌండు ఇంజనీరును పక్కకు పిలిచి దాన్ని తీసేయమన్నాను. "అక్కా, వాడు నాలుగూ కొట్టాడు కదా" అన్నాడు. "నాకు తెలుసు, తీసెయ్" అన్నాను. తీసేశాడు. నాకప్పుడు ముప్పై ఏళ్లు, తెలియని వయసు కాదు.

కుంటుకుంటూ మొదలయ్యే ఆ పాటే జనానికి పిచ్చిగా నచ్చింది. రేడియోలో అడిగారు, ఈ వింత మొదలు ఎవరి ఆలోచన అని. నేను తొందరపడ్డాను, తమ్ముడు కాపాడాడు. నాలుగే మాటలు. అవి చెప్పకుండా, "మావాడికి మూడు దాకే లెక్కలొచ్చు" అన్నాను. అడిగినాయన పగలబడి నవ్వాడు. తమ్ముడు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. వాడూ నవ్వాడు. నాలుగో దెబ్బ నేను తీయించానని వాడికి తెలియదు. రికార్డు విని, తానే మర్చిపోయానేమో అని వాడికే అనుమానం పట్టుకుందని నిచ్చెన తర్వాత చెప్పాడు. అది విన్న రోజు కూడా నేను నోరు విప్పలేదు.

ఆ జోకు పద్నాలుగేళ్లు ప్రతి వేదిక మీదా వేశాను. వాడి పేరు మూడంకె అయిపోయింది. మేం వేదిక ఎక్కగానే జనం మూడు వేళ్లు పైకెత్తి అరిచేవాళ్లు. వేరే బ్యాండ్లవాళ్లు వాడిని పిలవలేదు, లెక్క రాని డ్రమ్మరును ఎవరు పిలుస్తారు? సంగీతం బడిలో ఉద్యోగం అడగబోతే అక్కడా మూడు వేళ్లు చూపించి నవ్వారట.

మేం కలిసి వాయించిన చివరి కచేరీ రోజు, తెర వెనక బూటు లేసు కట్టుకుంటూ వాడు నాతో అన్నాడు: "అక్కా, ఇవాళ ఒక్కరోజుకి ఆ జోకు వద్దే. మా పాప ముందు వరసలో కూర్చుంది." సరేరా అన్నాను. వేదిక ఎక్కాక చూస్తే జనంలో ఊపు లేదు. నాకు నవ్వు కావాలి. జోకు వేశాను. వెయ్యి మంది మూడు వేళ్లు ఎత్తారు. ముందు వరసలో, ఎవరో వయసు అడిగారనుకుని కాబోలు, ఆ మూడేళ్ల పిల్ల కూడా వాళ్ల నాన్నకేసి మూడు వేళ్లు ఎత్తి చూపించింది.

వాడు కచేరీ పూర్తిచేశాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. అయ్యాక పుల్లలు డ్రమ్ము మీద పెట్టి, పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయాడు. నేను వెనక నుంచి, "జోకే కదరా!" అన్నాను. ఆ తర్వాత లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు.

కాబట్టి ప్రకటిస్తున్నాను: వాడు నాలుగూ కొట్టాడు. తప్పు నాది, తుడిపించింది నేను, నవ్వించింది నేను. సిగ్గుగా ఉంది.

6. సౌండు ఇంజనీరు తన స్టూడియో మూసేసినప్పుడు ఆ పాట అసలు టేపు, ఏమీ తీసేయకముందుది, తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గర ఉండాల్సిందక్కా" అన్నాడు. నాలుగు దెబ్బలూ దాని మీద ఉన్నాయి. ఆ టేపు, తమ్ముడు వదిలేసి వెళ్లిన డ్రమ్ములు నా మేనకోడలికి ఇస్తున్నాను. ఆ మూడేళ్ల పిల్లకు ఇప్పుడు ఇరవై రెండు, పళ్ల డాక్టరు కాబోతోంది. డ్రమ్ములు నా ముందుగదిలోనే ఉన్నాయి. వాడి తర్వాత వచ్చిన తొమ్మిదిమంది డ్రమ్మర్లలో ఒక్కరినీ వాటి మీద చెయ్యి వేయనివ్వలేదు. దుమ్ము మాత్రం నేనే తుడిచేదాన్ని. పోయిన నెల మేనకోడలు తనంతట తానే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "అత్తా, నాన్న అన్నం బల్ల మీద కూడా వేళ్లతో తాళం వేయడు. ఎందుకు?" అని అడిగింది. ఈ కాగితం ఆ పిల్లకు జవాబు.

7. "గోడకవతల" పాటను ఇకముందు ఎవరు అచ్చువేసినా, వినిపించినా, అట్ట మీద ఈ వాక్యం ఉండాలి: "మొదట్లో తప్పిన చెయ్యి గిటారుది." ఒప్పుకోనివాళ్లకు పాట ఇవ్వకూడదు. చిన్న అక్షరాల్లో వేస్తామని బేరమాడతారు, నిచ్చెన లొంగకూడదు.

8. వినికిడి మిషను పెద్దాసుపత్రికి, అక్కడ ఎవరికి పనికొస్తే వాళ్లకు. నా పోయిన చెవి ఎడమది. వేదిక మీద తమ్ముడి తాళాలు పద్నాలుగేళ్లు మోగింది ఆ వైపే. చెవుల డాక్టరు గారు ఎంత చెప్పినా నేను స్థలం మార్చుకోలేదు, వాడి చెయ్యి కనపడకపోతే నాకు పాట సాగేది కాదు. ఆ విషయం కూడా వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

9. అమ్మ చెక్క గరిటెలు రెండు కూడా మేనకోడలికే. వాళ్ల నాన్న మొట్టమొదట వాయించింది వాటితోనే, వంటింట్లో నూనె డబ్బా బోర్లించి. నాకు తొమ్మిదేళ్లు, వాడికి ఐదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టడం వాడికి నేర్పింది నేనే.

10. నా అంత్యక్రియల్లో ఉపన్యాసాలు వద్దు. ఎవరైనా మూడు వేళ్లు ఎత్తితే నిచ్చెన వాళ్లను మర్యాదగా బయటికి పంపాలి. మర్యాద కుదరకపోతే మామూలుగా పంపాలి.

11. ఈ కాగితం చెల్లాలంటే ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్ల ముందే నేను సంతకం పెట్టాలి. ఇందులో ఏదైనా పొందేవాళ్లు సాక్షిగా ఉంటే చిక్కు వస్తుందని వకీలు గారు చెప్పారు. తమ్ముడికి ఏమీ ఇవ్వనిది అందుకే. నా మాటకు వాడే సాక్షి కావాలి.

దీని నకలు మేనకోడలి చేత వాడికి పంపాను. వచ్చే గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు వకీలు గారి ఆఫీసులో ఉంటాను. రెండింటి దాకా చూస్తాను. వాడి బదులు ఇంకొకరి సంతకం తీసుకోను. వాడు రాకపోతే ఇది చెల్లని కాగితం. పిల్లలూ మొగుడూ లేనిదాన్ని కనక, అప్పుడు ఇల్లూ గిటారూ పాటలూ అన్నీ చట్టప్రకారం దగ్గరి వారసుడైన వాడికే పోతాయి. వస్తే ఏమీ రాదు, రాకపోతే అంతా వస్తుంది. ఇలాంటి వీలునామా ఎవరైనా రాస్తారా అని వకీలు గారు తల పట్టుకున్నారు. ఇంటి సంగతి ఇందులోనే చెప్పేస్తాను, లేకపోతే ఆవిడ ఊరుకోరు: వాడు వస్తే ఇల్లు అమ్మి సంగీతం బడికి ఇవ్వాలి, అక్కడ పిల్లలకు తాళం నేర్పే ఉద్యోగం ఒకటి పెట్టాలి. ఎవరికి ఇవ్వాలో బడివాళ్ల ఇష్టం. అట్ట మీద వాక్యం చదివాక వాళ్లు సరిగ్గానే ఆలోచిస్తారని నా ఆశ.

రారా. అంతకంటే నాకు రాయడం చేతకాదు.

నవంబరు ఇరవై ఒకటో తేదీ, గురువారం. మధ్యాహ్నం రెండింటికి నాలుగు నిమిషాలు తక్కువ.

(సంతకం) అక్క. గిటారు, గొంతు.

మొదటి సాక్షి: చెవుల డాక్టరు. అక్క సంతకం చేస్తుండగా చూశాను. పూర్తి స్పృహలో ఉన్నారు, ఏడుస్తున్నారు.

రెండో సాక్షి: తమ్ముడు. వృత్తి: డ్రమ్మరు. అంతా చదివాను. తొమ్మిదో అంశంలో ఒక తప్పుంది. అది నూనె డబ్బా కాదక్కా, పిండి డబ్బా. మిగతాదంతా సరే.