తోటమాలి గడ్డం

చిన్నమ్మడూ,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ, పక్కింటివాళ్ల పిల్లీ కులాసా. నువ్వూ అల్లుడుగారూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. మోకాలు నయం. మెట్లెక్కేటప్పుడు కాస్త మూలుగుతుంది, అంతే. ఇక "సాయంత్రమైతే ఫోనెత్తవు, ఎక్కడ తిరుగుతున్నావు నాన్నా?" అన్నావు. నవ్వకూడదు మరి. నాటకం వేశాను.

బస్ డిపో వెనక హాల్లో రిటైరైన డ్రైవర్లం, ఆ వీధివాళ్లూ కలిసి పాత హాస్యనాటకం ఒకటి ఎత్తుకున్నాం. ఓ డబ్బున్నవాడు, తను ప్రేమించిన పిల్లకి కావలసింది మనిషో ఆస్తో తేల్చుకోడానికి తోటమాలి వేషంలో వెళ్లి పరీక్షలు పెడతాడు. ఆ పిల్ల వాణ్ని మొదటి రోజే పోల్చుకుంటుంది. పైకి తేలనీయకుండా ఎదురు పరీక్షలు పెట్టి వాణ్ని ముప్పుతిప్పలు పెడుతుంది. తోటమాలిని నేను. ఆ పిల్ల, మన మలుపులో మందుల షాపావిడ. భర్త పోయి చాలాకాలమైంది. నాటకం వయసు వందేళ్లు. మా ఇద్దరి వయసులూ కలిపితే అంతకంటే ఎక్కువ.

మొన్న ఆదివారం ప్రదర్శన. హాలు కిటకిటలాడింది. ఆఖరి పరీక్షలో, "నాకు ఈ రెండు చేతులు తప్ప ఏమీ లేదు, వస్తావా?" అనాలి నేను. ఆవిడ కళ్లలోకి చూశాను, మాట ఎగిరిపోయింది. పక్కనుంచి అందిస్తున్నారు, నా చెవికి ఎక్కితేగా! నోటికొచ్చింది అనేశాను.

"బతుకంతా బస్సు నడిపాను. పింఛను చిన్నది. గురక పెద్దది. కూరలో ఉప్పు మర్చిపోతాను. వస్తావా?"

జనం విరగబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని లాగింది. జిగురు గట్టిది, నా సొంత మీసం సగం కూడా ఊడొచ్చింది.

"ఈ మొహం నాకెప్పుడో తెలుసండీ. వస్తాను" అంది.

చప్పట్లు మోగిపోయాయి. నాకు మాత్రం ఆ 'అండీ' ఒక్కటే వినిపించింది తల్లీ. నాటకంలో ఆ పిల్ల తోటమాలిని 'నువ్వు' అంటుంది. 'అండీ' అన్నది నన్ను.

తెర వెనక, ఆవిడ నా మీసం మంటకి మందు రాస్తుంటే అడిగాను, "నిజంగానే అన్నారా?" అని.

"నిజమే. కానీ మీ అమ్మాయి సరేనంటేనే. అడగడం మీ వంతు" అంది.

అందుకే అడుగుతున్నాను. మీ అమ్మని మర్చిపోయాననుకోకు. మీ అమ్మ సంగతులన్నీ ఆవిడకి చెప్పాను. చాలాచోట్ల నవ్వింది, ఒకచోట కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఇల్లు మళ్లీ ఇల్లులా ఉంది నాకు. నీకు ఇష్టం లేకపోతే దాచకు, నీ మాట కాదని ఏమీ చెయ్యను.

ఏ సంగతైనా ఆవిడకే రాయి, మందుల షాపు చిరునామాకి. నీ జవాబు నేను చదివి వినిపిస్తానంటే ఒప్పుకోవడం లేదు.

"మీరు మాటలు మార్చేస్తారు" అంటోంది.

ఇట్లు,
సగం మీసంతో నీ జవాబు కోసం చూస్తున్న
నాన్న