మీ నాన్న వేళ్ళు, నా టమాటా మొక్కలు

కోర్బా, ఆదివారం

అమ్మా దలెండా, ఇక్కడ అందరం కులాసా.

టమాటా ఆకులన్నీ మచ్చలు పడి ముడుచుకుపోతుంటే పక్కింటి సాలూహా దిష్టేనని, అది పోవాలని కంచెకు చేపతోక కట్టాను. నారు అమ్మే మహ్రెజ్ వచ్చి, మొక్కల్ని చూసి, మీ నాన్న చెయ్యి పట్టుకుని నవ్వాడు. "రోగం ఈ వేళ్ళలో ఉంది బాబాయ్! ముక్కుపొడుం పట్టిన చేత్తోనే పిలకలు గిల్లుతున్నారు, పొగాకు తెగులు అంటుకుంది."

పదిహేను మొక్కలూ పీకి తగలబెట్టి, వేరే మడిలో కొత్త నారు వేశాం. సాలూహాకు గోధుమరవ్వతో వండిన కస్కస్ గిన్నెడు తీసుకెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. "ఆ తోకను మా పిల్లి ఎప్పుడో తినేసింది వదినా," అంది.

ఈసారి నాన్నకు ముక్కుపొడుం డబ్బా పంపకు, సబ్బులు పంపు. చంటిదాని దగ్గు తగ్గిందా? దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

ముప్పై ఏళ్ళు నేను మొత్తుకున్నా మానని మనిషి, మొక్కల కోసం ఒక్క రోజులో మానేశాడు. వాటి మీద నాకు ఒళ్ళు మండుతోంది. అయినా నీళ్ళు నేనే పోస్తున్నాను.

మీ అమ్మ