సీసా మీది చీటీ

దత్తాత్రేయ గారికి,

డిగ్రీలో మిమ్మల్ని నువ్వు అనేదాన్ని. ఇప్పుడు ఆ చనువు తీసుకోలేక మీరు అంటున్నా.

జగ్గయ్యపేటలో, మన కాలేజీలోనే జువాలజీ చెబుతున్నా. మొన్న విశాఖ నుంచి సంయుక్త అనే పరిశోధకురాలు ఫోన్ చేసింది. పగడపు దిబ్బల్లో బతికే సీతాకోకచిలుక చేపలు మన తీరంలో ఎప్పటినుంచి కనబడుతున్నాయో వెతుకుతోందట. "మీ కాలేజీ మ్యూజియంలో పాతవేమైనా ఉన్నాయా మేడం?" అంది.

ఉంది. రామేశ్వరం, భీమిలి తిరిగిన టూర్‌లో మీరు తెచ్చిందే. ఫార్మలిన్‌లో చారలన్నీ వెలిసిపోయాయి. సీసా మీద 'రామేశ్వరం' అని నా చేతిరాత.

భీమిలిలో వలలోంచి మీరు దాన్ని తీసినప్పుడు నేను పక్కనే ఉన్నా. తిరిగొచ్చాక ల్యాబ్‌లో, "ఆ చేప భీమిలిలో ఉండదోయ్. రామేశ్వరంలో కొనుక్కొచ్చి మాకు కోతలు కోస్తున్నావా?" అని మాస్టారు అంటే క్లాసంతా నవ్వింది. మీరు నా వైపు చూశారు. పుస్తకంలో లేనిది నేను చూశానంటే నాకే నమ్మకం కుదరలేదు. ఆయన చెప్పిన ఊరే రాసి అంటించా. తర్వాత మీరు ల్యాబ్‌కి రాలేదు.

నిన్న సీసా తెరిచా. మీరు పెన్సిల్‌తో రాసి లోపల వేసిన చీటీ చెక్కుచెదరలేదు: భీమిలి, తేదీ, మీ పేరు. దాని ఫొటో సంయుక్తకు పంపా. సీసా మీది చీటీ సంగతి మాత్రం ఆమెకన్నా ముందు మీకు చెప్పాలనిపించింది.

మీ నంబరు ఆమెకు ఇవ్వనా? "సార్ ఇప్పుడు ఏ యూనివర్సిటీలో ఉన్నారు?" అని అడిగింది. చందర్లపాడులో మిరప వేస్తున్నారని చెప్పలేదు. చెబితే, చదువెందుకు మానేశారని అడుగుతుంది.

ఆ రోజు మీ పక్కనే ఉన్న
మీ క్లాస్‌మేట్